చిన్నాన్న ఫోన్‌లో చదివిన వేలిముద్ర

మా చిన్నాన్న పోయారన్న కబురు కలకత్తాలో సాల్ట్ లేక్ వెళ్ళే ఆఫీసు బస్సులో ఉండగా తెలిసింది. "మీ చిన్నాన్న పోనారమ్మా" అంది పిన్ని ఫోన్‌లో. ఆయన పనిచేసే ఆఫీసుకే వెళుతున్నాను. నాకు పని నేర్పిందీ, అన్నం పెట్టే దారి చూపిందీ ఆయనే.

ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్సులో పెరిగిన మనిషి. మా ఆఫీసంటే రక్తపరీక్షల లాబ్; అక్కడి కంప్యూటర్లన్నీ ఆయన చేతికిందే ఉండేవి. సాల్ట్ లేక్‌లో తయారైన రిపోర్టులు నెట్ మీద, రోగులకు వాటిని అందించే ఖిదిర్‌పూర్ సెంటరుకు వెళతాయి. దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా వాటికి తాళం వేసినట్టు ఏర్పాటు చేశారు. అందుకు అవతలి మిషన్ ఫలానాదేనని చెప్పే గుర్తింపు కార్డు లాంటి సర్టిఫికెట్ కావాలి; దాన్ని బయటి సంస్థల దగ్గర తీసుకోకుండా తనే తయారుచేసి, తనే సంతకం పెట్టేవారు.

అది నేర్పిన రోజే భయం కూడా పెట్టారు. "తాళం గట్టిదే అమ్మీ. తలుపవతల ఎవుడున్నాడో తాళానికేటి తెలుసు?"

కొత్త సర్టిఫికెట్ పెట్టిన ప్రతిసారీ సెంటరుకు ఫోన్ చేసేవారు. ప్రతి సర్టిఫికెట్‌కూ వేలిముద్ర అని ఒక పొడుగాటి అక్షరాల వరస ఉంటుంది. మన స్క్రీన్ మీద కనబడేది ఆయన చదివితే, అక్కడ కంప్యూటరు చూసే, మేం దాదా అని పిలిచే బెంగాలీ ఆయన తన మిషన్‌లోది చూసి సరే అనాలి. ఒక్క అక్షరం తడబడినా, "అబార్, దాదా" అని మళ్ళీ మొదటినుంచి చదివేవారు. సరిగా వినబడదని ఉక్కపోతలో ఫ్యాను కూడా ఆపించేసేవారు. పంతులుగారు లగ్నపత్రిక చదువుతున్నట్టుందని నేను ఏడిపిస్తే, "నవ్వే, నవ్వు. నానే నానని ఎవుడైనా అంటాడు" అనేవారు. ఆ చాదస్తం మీద నాకు విసుగూ ఉండేది, ప్రేమా ఉండేది.

కర్మకాండలన్నీ అయ్యాక ఆఫీసుకు వెళ్ళాను. ఖిదిర్‌పూర్ సర్టిఫికెట్ కొత్తగా కనబడింది. ఎవరు మార్చారని పక్క సీటులోని హైదరాబాదు అమ్మాయిని అడిగాను.

"సారే చేసిపెట్టి ఉంటరు అక్కా. నమ్మాల్నా అని కంప్యూటర్ అడిగింది. మనం సంతకం పెట్టుకున్నదే కదా అని నొక్కేసినం."

"ఫోన్ చేసి సరిచూశారా?"

"ఎందుకక్కా? స్క్రీన్ మీద తాళం గుర్తు వస్తనే ఉంది."

సర్టిఫికెట్ తెరిచాను. సంతకం చిన్నాన్న పేరు మీదే ఉంది. తయారైన తేదీ, మేం ఆయనను చితి మీద పెట్టిన రోజు.

ఖిదిర్‌పూర్‌కు ఫోన్ చేశాను. "మేమేమీ మార్చలేదు దీదీ" అన్నాడు దాదా. నా స్క్రీన్ మీది వరస చదవడం మొదలుపెట్టాను. మొదటి అక్షరానికే ఆపేశాడు. "మా మిషన్‌లో అది లేదు."

మా ఇద్దరి మధ్యా ఇంకెవరో ఉన్నారు. మా రిపోర్టులు తీసుకుని, తమకు తోచినవి అక్కడికి పంపుతూ ఉండవచ్చు.

"రిపోర్టులు ఎవరికీ ఇవ్వకండి దాదా" అని అరిచాను. అప్పటికే అతని వెనక కౌంటరులో రిపోర్టులు అందుకోమని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తున్నారు.