వదిన కుక్కకు చేయించని ఆపరేషన్

పోయిన వారం బత్తలపల్లెలో బండికి పంచరు వేయించుకుంటూ, చేతిలో పని లేక ఫోను చూస్తున్నాను. ఎక్కడో దూరదేశంలో ఒక కుక్క గుండెలో వాల్వు చెడిపోతే దాని స్థానంలో కొత్తది అమర్చారట. ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండా లోపలికి పంపారట. ఆ వార్త రెండుసార్లు చదివి, ఎవరికి చూపిద్దామా అని తల ఎత్తాను. చూపించాల్సిన మనిషి మా వదిన. ఆమె పోయి ఏడాది దాటింది.

వదినకు చిన్నతనంలో కీళ్లజ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతింది. రక్తం వెనక్కి పోకుండా మూసుకోవలసిన తలుపు లాంటిది అది. నలభై నిండకముందే బెంగళూరులో ఛాతీ కోసి లోహపు వాల్వు వేశారు. ఇంట్లో అలికిడి లేనప్పుడు అది మూసుకునే చప్పుడు పక్కనున్న వాళ్లకు సన్నగా వినిపించేది. "మా ఇంట్లో గడియారానికి కీ ఇచ్చే పని లేదు, మాత్ర ఏస్తే సాలు" అనేవాడు అన్న. రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకోవలసిన మాత్ర అది. వదిన దాన్ని ఏనాడూ మరిచిపోలేదు. ఉప్పు తగ్గించమన్న మాట మాత్రం వినేది కాదు. ఊరగాయ లేని సంగటి మనుషుల తిండి కాదని ఆమె నమ్మకం.

బదిలీ మీద పోతూ ఒక బ్యాంకు ఉద్యోగి వదిలేసిన తెల్లటి పొమేరియన్ కుక్క ఆమె పంచన చేరింది. గొర్రెల వెంట తిరిగే కుక్కలను మాత్రమే ఎరిగిన మా ఊరికి అది వింత. "ఇది కుక్కనా, పత్తిమూటనా వదినా?" అని అడిగాను. "నీకంటే మేలప్పా, పిలిస్తే వస్తాది" అంది. దానికి పేరు పెట్టలేదు. "ఏమప్పా" అని పలకరించేది. అదే తన పేరనుకుని, వీధిలో ఎవరు ఎవరిని "ఏమప్పా" అన్నా లేచి పోయి వాళ్ల ముందు నిలబడేది. మా వైపు ఆ పేరున్న కుక్కకు విశ్రాంతి ఉండదు.

దానికి వయసు పైబడ్డాక దగ్గు మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ధర్మవరంలో పశువుల డాక్టరు గుండె చప్పుడు విని, తేడాగా ఉంది, బెంగళూరు తీసుకుపొమ్మన్నాడు. నేను కారు నడిపాను. అన్న నా పక్కన, వదిన వెనక సీట్లో, కుక్క ఆమె ఒడిలో.

అక్కడి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. స్కాను తీస్తుండగానే వదిన అడిగింది: "వాల్వు కారుతాండాదా అమ్మా? నాదీ అదే రోగం. నాకు ఇనుపది ఏసినారు. దీనికీ అట్లనే ఏయండి."

ఆ అమ్మాయి నవ్వలేదు, ఓపిగ్గా చెప్పింది. గుండెను ఆపి, అంతసేపూ యంత్రంతో రక్తం నడిపించాలి. కుక్కలకు అది చేయగలిగిన వాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది. లోహపు వాల్వు చుట్టూ వాటి రక్తం త్వరగా గడ్డకడుతుంది. బల్ల మీదే ప్రాణం పోవచ్చు. అయినా సరేనంటే, విదేశం నుంచి ఒక బృందం రానుంది, వాళ్లకు చూపిస్తానంది. లేదంటే మాత్రలు. వాటితో రోగం పోదు, బాధ తగ్గుతుంది. అన్న ఖర్చు సంగతి ఎత్తబోతే "అది కడాకు సూద్దాం" అని వదిన ఆపింది. కుక్క పేరు రాసుకోమంది. ఏం పేరని అడిగితే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

తిరుగుదారిలో పెనుకొండ దాటాక టీకి ఆగాం. కుక్క సీసా మూతలో పోసిన నీళ్లు తాగి, దగ్గి, ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. వదిన గ్లాసు ముట్టలేదు.

"ఆపరేషన్ వద్దప్పా" అంది నాతో.

"పేరు రాయించి వస్తిమి గదా" అన్నాడు అన్న.

"నేను కండ్లు తెరిసినప్పుడు నోట్లో గొట్టం. ఎద మీద బండరాయి పెట్టినట్ల నొప్పి. ఎందుకు కోస్తారో నాకు ముందే చెప్పినారు. బతుకుతావన్నారు. ఆ మాట పట్టుకోని ఓర్చుకుంటి. దీనికి ఎవరు చెప్తారు? నేను యాడికో తీసకపోయి కోయించినానని మాత్రం తెలుస్తాది."

అన్న వంగి కుక్క వీపు నిమిరాడు. "సచ్చిపోతాది మరి" అన్నాడు.

"మాత్రలుండాయి. ఉన్నన్నాళ్లు మన కాడే ఉంటాది."

మరునాటి నుంచి సంగటి ముద్దలో మాత్ర పెట్టి తినిపించేది. దాని తిండిలో ఉప్పు మానేసింది. తన తిండిలోనూ మానేసింది. "దాని ముందర నేనెట్ల తినేది?" అంది. ఇన్నేళ్లూ డాక్టర్లు మొత్తుకున్నా విననిది కుక్క కోసం విన్నదని అన్న ఊరంతా చెప్పుకున్నాడు. అది రెండేళ్లు బతికింది. ఒక ఏడు వాన ఎగ్గొట్టి శెనక్కాయ పంట ఎండిపోయింది, ఒక ఏడు పరవాలేదు. ఆ రెండో ఏడు, కాయ ఇంటికి చేరాక, ఒక ఉదయం అది నీళ్లు తాగి గోడ నీడన పడుకుని మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వదిన లోహపు వాల్వు సరిగా తెరుచుకోకుండా పట్టేసింది. మళ్లీ ఛాతీ కోయాలి, రెండోసారి ప్రమాదం ఎక్కువ అన్నారు. ఆమె వద్దంటుందనే మేమిద్దరం అనుకున్నాం. వద్దంటే బలవంతం చేయకూడదని అన్న నాతో చెప్పి ఉంచాడు కూడా. ఆమె మాత్రం వెంటనే ఒప్పుకుంది. నా ముఖం చూసి, "నాకు తెలుసు గదప్పా ఎందుకు కోస్తారో. ఇంకొన్నేండ్లు ఉండల్లని ఉండాది నాకు" అంది.

ఆపరేషన్ గదిలోంచి ఆమె ప్రాణంతో రాలేదు.

ఎంత కాలం మిగిలిందో కుక్కకు తెలియదు. తెలియకుండానే, ఉన్న రెండేళ్లూ ఆమె కాళ్ల దగ్గర గడిపింది. తన కాలానికి హద్దుందని వదినకు తెలుసు. తెలిసిన మనిషికి, ఎంత ఉన్నా, కాలం ఎప్పుడూ కొంచెం తక్కువగానే అనిపిస్తుందేమో.