క్లచ్ మీద నా కాలు

మా ఆయన లెక్కలో కారుకు రెండే జబ్బులు. ఒకటి పెట్రోలు అయిపోవడం, రెండోది ఆడది నడపడం. ఇంత జ్ఞానం ఆయనకు ఎక్కడ అబ్బిందో తెలియదు. కేజీఎఫ్‌లో మా వీధి మగవాళ్ళందరికీ పుట్టుకతోనే అబ్బినట్టుంది.

ఆ ఏడు ఆయుధపూజ అయిన రెండో రోజు నుంచి మా సెకండ్ హ్యాండ్ కారు మొరాయించడం మొదలుపెట్టింది. నేను వేమగల్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్తాను. తెల్లవారుజాము షిఫ్టు. ఆ వేళకు మా ఊరి నుంచి బస్సు ఉండదు. కారు లేకపోతే ఉద్యోగం లేదు, అంతే. అలాంటిది, బంగారుపేట దాటగానే ఇంజన్‌లో పట్‌పట్‌మని మోత, ఒకటే జర్కులు, చివరికి గడ్డి లారీ వెనక నడిరోడ్డు మీద ఆగిపోవడం. వెనకవాళ్ళు కొట్టే హారన్లకు ఏడుపొచ్చింది నాకు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చేతిలో కాఫీ గ్లాసు కూడా దించలేదు.

"క్లచ్ మీదనే కాలు పెట్టుకోని తోల్తావు. బండి యాడ బాగుంటుంది?"

"న్యూట్రల్‌లో నిలబెట్టినా వణికి ఆగిపోతా ఉండాది. అప్పుడు క్లచ్‌కు ఏం పని?"

"అదంతా నీకు అర్థం కాదులే."

పక్కింటి పెద్దాయన అరుగు దిగకుండానే "అవునప్పా, క్లచ్చే" అని తీర్పు చెప్పేశాడు. మాస్తిలో ఉండే మా బావగారు ఇంకా గొప్పవాడు. ఫోన్లోనే జబ్బు కనిపెట్టి, "ఆడోళ్ళకు ఈ తిరుగుడు ఎందుకప్పా? పని మానిపించు" అని మందు కూడా చెప్పాడు. ఆ మాట నాకు వినబడాలని మా మహానుభావుడు ఫోను స్పీకర్‌లో పెట్టాడు. కారు పేరు చెప్పి నా ఉద్యోగానికే ఎసరు పెడుతున్నారు.

ఆదివారం, ఎలా నడపాలో చూపిస్తానని తగుదునమ్మా అంటూ మా ఆయనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బల దాకా వెళ్ళేసరికి కారు ఆయన కాళ్ళ కింద కూడా గింజుకుని గింజుకుని ఆగిపోయింది. స్టీరింగ్ వదిలి నా వైపు తిరిగాడు.

"చూసినావా? నీ అలవాటు బండికి పట్టేసింది."

ఛీ! ఇలాంటి మనిషితో వాదించడం కంటే ఆ ఇంజన్‌తో మాట్లాడటం నయం.

దారినపోయేవాళ్ళ చేత తోయించుకుంటూ మెకానిక్ షెడ్డుకు చేరాం. ఆ మెకానిక్ ఇంకో ఘనుడు. నన్ను ఎగాదిగా చూసి, "తోలేది అక్కనా? అయితే క్లచ్ మార్చల్ల అన్నా" అన్నాడు.

"ముందు బానెట్ ఎత్తి చూడప్పా. నువ్వు చూసేదాకా నేను ఈడనుంచి కదిలేది లేదు" అని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

సణుక్కుంటూ ఎత్తాడు. ప్లగ్గుల మీదుండే కాయిళ్ళు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఒకదాని కింద, ప్లగ్గు కూర్చునే గుంత నిండా నీళ్ళు. మామూలు నీళ్ళు కావు, పచ్చగా, ఎర్రగా. పైన ఒక చామంతి రేకు తేలుతోంది.

"ఎవురప్పా ఇంజన్ లోపల పూజ చేసినది?" అన్నాడు మెకానిక్.

నాకు అప్పుడు వెలిగింది. పండగనాడు ఇంజన్‌కంతా పసుపు కుంకుమ పూసింది మా ఆయనే. మర్నాడు ఆ మరకలు పోవాలని, బావగారి తోట నుంచి మామిడిచెట్లకు మందు కొట్టే పంపు తెచ్చి, ఇంజన్ మీద ధార కొట్టింది కూడా ఈయనే. చెట్టు చివరి కొమ్మదాకా ఎగిరే ధార, ప్లగ్గు గుంతలోకి దూరదా?

"నీళ్ళు పడితే ఏమవుతుంది? వానలో తిరగలేదా?" అని మా ఆయన గొణిగాడు.

"ప్లగ్గు తడిస్తే నిప్పు పుట్టదన్నా" అంటూ మెకానిక్ ఆ నీళ్ళు బట్టతో అద్ది, గాలి కొట్టి ఆరబెట్టి, తుప్పు పట్టిన ప్లగ్గు మార్చాడు. ఇంజన్ మోత లేకుండా నడిచింది. తాళంచెవి మాత్రం అలవాటుగా మా ఆయనకే అందించబోయాడు. నేను మధ్యలోనే అందుకుని, పసుపు మరకల బట్ట ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వు ఇది పట్టుకో."

మర్నాడు వేళకు షిఫ్టుకు చేరాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా ఆయన అరుగు దగ్గర నిలబడి పక్కింటి పెద్దాయనకు చెబుతున్నాడు.

"ఇప్పుడు పరవాలేదప్పా. క్లచ్ మీద కాలు తీసేసింది. బాగా తోల్తా ఉండాది."

మార్చింది ప్లగ్గు. కుదిరింది నా కాలట!