దొరకు రెండు పూటల సూది

'ఆ రోజుల్ల' అని నేను మొదలుపెట్టంగనే మా ఆయన నవ్వుతడు, అట్ల మొదలుపెట్టేంత వయసు నీకింకా రాలేదని. నిజమే, నేను చెప్పబోయేది ఎల్బీ నగర్ దాకా మెట్రో ఒచ్చినంక సంగతే. కాని కొన్ని రోజులు దగ్గరియే అయినా ఎన్కటి లెక్కనే అనిపిస్తయి. అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో పక్కింటి పిల్లను తలుచుకున్నట్టుంటది. బక్కగ, మొండిగ, లోకంల నాకు తప్ప ఎవ్వరికి తెలివి లేదన్నట్టు మూతి ముడుచుకొని తిరుగుతుండె. పోచంపల్లి దిక్కు మా ఇంట్ల మగ్గం చప్పుడు ఇని ఇని విసుగొచ్చి, చీరలు నేసుడు నాతోని కాదని పట్నమొచ్చి, దిల్‌సుఖ్‌నగర్ల ఒక చీరల షాపుల బిల్లింగ్ కౌంటర్ మీద కూసున్న. (చీరల నుంచి పారిపోయి చీరలల్లనే పడ్డదని మా అమ్మ ఇప్పటికీ ఎక్కిరిస్తది.)

ఎల్బీ నగర్ల మేడ మీద ఒక్క రూము కిరాయికి తీసుకున్న. కింద ఓనర్లు, కోస్తా నుంచి ఒచ్చి స్థిరపడ్డ భార్యాభర్తలు. ఆంటీ మంచిది. అంకుల్ రిటైరైన ఆఫీసరు, కాని ఆ ముచ్చట ఆయనకు ఎవ్వరు చెప్పినట్టు లేదు. ఆయనకు ఎన్నో ఏండ్ల సంది షుగర్. షుగర్ ఒస్తే కొందరు భయపడ్తరు, కొందరు బాధపడ్తరు, ఈయన మాత్రం దాన్ని డిగ్రీ లెక్క మెడలేసుకొని తిరుగుతుండె. వీధిల ఎవరికి షుగరని తెలిసినా పిలవకున్నా పోయి పాఠం చెప్పొచ్చేటోడు. ఆ పాఠం అయిపోయినంక ఇంటికొచ్చి ఆంటీకి కనపడకుంట కాజా తింటుండె.

ఇగ మూడో మనిషి పిల్లి. ఆంటీ దాన్ని 'బంగారం' అని పిలిచేది. నేనైతే 'దొర' అని పెట్టిన. తెల్లటి ఒళ్లు, పెద్ద పొట్ట, సోఫా నడుమల కూసోని ఒచ్చేటోళ్లను పోయేటోళ్లను కిస్తు కట్టని రైతులను చూసినట్టు చూసేది. దాని ముందు నేను మెట్లెక్కాలన్నా చెప్పులిడిచి ఎక్కాలేమో అనిపించేది. ఎలుకను చూస్తే మొకం తిప్పుకునే పిల్లిని నేను ఆ ఇంట్లనే చూసిన.

అసువంటి దొర ఒక ఎండకాలం బక్కపడ్డది. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుడు, మళ్లమళ్ల ఉచ్చ పోసుడు. ఆంటీ పరేషానై పశువుల డాక్టరమ్మ కాడికి తీసుకపోతే, షుగరని తేలింది. రోజూ పొద్దున, సాయంత్రం తిండి పెట్టి ఇన్సులిన్ ఇయ్యాలె అన్నదట. "పిల్లికి షుగరేవిటి, నాన్సెన్స్" అన్నడు అంకుల్. ఆయన మొకంల కనపడ్డది ఆశ్చర్యం కాదు, కోపం. తన సొంత ఆస్తిల ఎవరో వాటా అడిగినట్టు చూసిండు.

కొన్నాళ్లు ఆంటీనే సూదులిచ్చింది. ఆమె బాత్‌రూంల జారిపడి కుడిచెయ్యికి కట్టు కట్టించుకునేదాక నాకేం రంది లేకుండె. ఆ మర్నాడు వేడివేడి పెసరట్టుతోని పైకొచ్చింది. నేను సగం తిన్నంక అడిగింది. "అమ్మాయ్, మీరు నేతపని వాళ్లు కదా, సన్నటి దారాలు పట్టిన చెయ్యి. బంగారానికి నువ్వే ఇవ్వాలమ్మా." దారం పట్టుడు రాకనే నేను ఇల్లిడిసి ఒచ్చిన్నని ఎట్ల చెప్పాలె? నోట్ల పెసరట్టుండంగ కాదనుడు ఎవ్వరితోనన్న అయితదా? "అంకుల్ ఉన్నరు గద?" అన్న. "ఆయన పాఠాలు చెప్తారు, అంతే. దగ్గరికెళ్తే అది కరుస్తుంది" అన్నది ఆంటీ. పిల్లి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ముందు వంకాయల మీద నేర్చుకున్న. సిరంజిల నీళ్లెక్కించి వంకాయలకు కసకస పొడుస్తుంటే, అంకుల్ కుర్చీల కూసోని, "నలభై అయిదు డిగ్రీల కోణం! అది కోణమా? మీ ఊళ్లో జామెట్రీ చెప్పలేదూ?" అని ఒర్రుడు. (ఆ వంకాయలే పొద్దుగూకంగ గుత్తొంకాయ కూరైనయి. అంకులే రెండుసార్లు ఏయించుకొని తిన్నడు.) దొర మాత్రం వంకాయ కాదు. మెడ ఎనక తోలు ఎత్తి సూది గుచ్చుడు అలకటి పనే, అది తినుకుంట ఉంటే దానికి తెల్వనే తెల్వది. అసలు లొల్లి చెవి దగ్గర. షుగర్ చూడాలంటే చెవి అంచుకు సన్నగ గుచ్చి, నెత్తురు బొట్టును షుగర్ మిషన్ పట్టీకి తాకించాలె. చెవి ముట్టంగనే దొర లేచి, నాలుగు పంజాలతోని తీర్పు చెప్పి పోయేది. నేను గీతలువడ్డ చేతులతోని బిల్లులు కొడ్తుంటే, పక్క కౌంటరక్క మెల్లగ అడిగింది, "ఏందే, ఇంట్ల ఎవరన్న కొడ్తున్నరా? చెప్పు, భయపడకు." పిల్లి అంటే నమ్మలే. సాయంత్రం టైముకు సూది ఇయ్యాలెనని తొందరగ పోతానంటే మేనేజర్ అసలే నమ్మలే. ఫోన్ల మా అమ్మ అయితే, "మనుషులకు సూదులేస్తే పుణ్యమన్న ఒస్తది, పిల్లికేస్తే ఏమొస్తదే?" అన్నది. ఏమొస్తది, గీతలొస్తయి.

ఇంత చేసినా దొర షుగర్ ఒక తీరుగ ఉండకపాయె. ఒకనాడు బాగుంటది, మర్నాడు ఆకాశంల ఉంటది. డాక్టరమ్మ నన్ను అనుమానంగ చూసింది. నేను దొరను అనుమానంగ చూసిన. అంకుల్ "టెక్నిక్ లేదు" అని తలకాయ ఊపిండు.

ఒక ఆదివారం పొద్దుగాల సూది ఇస్తుంటే దొర గుంజుకున్నది. మందు లోపలికి పోయిందా, బొచ్చు మీద పడ్డదా అర్థం కాలే. చేతికి బొచ్చు తడి తడిగ తగిలింది. అట్ల డౌటొస్తే మళ్ల ఇయ్యొద్దు, ఒక పూట తప్పితే ఏం కాదు, రెండుసార్లు పడితే పానం పోతదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాటే ఆంటీకి చెప్పి, పైకి పోయి బట్టలు పిండుకుంటున్న. దండెం మీద ఆఖరి దుప్పటి ఆరేస్తుంటే కింద నుంచి ఆంటీ కేక.

ఉరికిన. దొర వంటింటి గడప కాడ తాగినోని లెక్క తూలుతున్నది. ఎనక కాళ్లు నిలుస్తలేవు, నోట్లకెల్లి సొల్లు కారుతున్నది. చెవి పట్టుకుంటే ఎదురు తిరగలే. అది ఎదురు తిరగకపోవుడు చూసి నాకు నిజంగ భయమైంది. మిషన్ల అంకె కూడ రాలే, 'లో' అని మాత్రం చూపెట్టింది. ఆంటీ ఎడమచేత్తోని తేనె సీసా అందిచ్చింది, నేను దాని చిగుళ్లకు రాసిన. అంకుల్ గోడకానుకొని నిలవడ్డడు. ఆయన నోట మాట లేకపోవుడు ఆ ఇంట్ల అదే మొదటిసారి.

"అంకుల్, మీరేమన్న ఇచ్చిన్రా?" అన్న.

"నువ్వే కదా డౌటన్నావు. డౌటు తీర్చాను" అన్నడు.

"ఎంత?"

"నువ్విచ్చేది సిరంజి మీద రెండు గీతలు. అదొక డోసా? నాకైతే ఇరవై పడుతుంది. ఏదో... కొంచెం ఎక్కువే."

ఆ పూట నేను ఆయన్ని మనసుల తిట్టిన తిట్లు మా ఊరి బాయికాడ కూడ ఇనపడవు. తిట్టుకుంటనే దొరను టవల్ల చుట్టిన, ఆటో పిలిచిన. ఆంటీ కట్టు చెయ్యితోని రాలేదు గన్క, అంకులే ఎక్కిండు. దొరను ఆయన ఒళ్లె పెట్టి, నేను తేనె సీసా పట్టుకున్న. ఎల్బీ నగర్ చౌరస్తల బస్సుల నడుమ ఆటో ఇరుక్కుంటే, ఆయన తన వేలే తేనెల ముంచి దొర నోట్ల పెట్టిండు. పొద్దున సూది ఇస్తే కరిచిందట, ఆ వేలుకు ఇంక నెత్తురు మరకున్నది.

"నాకూ ఒకసారి ఇలాగే షుగర్ పడిపోయిందమ్మాయ్" అన్నడు, రోడ్డు దిక్కు చూసుకుంట. "బస్సులో. నోరు పెగల్లేదు. చెమటలు. అందరూ తాగానని అనుకున్నారు. ఎవరో కాలేజీ పిల్ల నోట్లో చాక్లెట్ పెట్టింది. మీ ఆంటీకి చెప్పలేదు." దొర నోట్ల వేలు తిప్పుకుంట మళ్ల అన్నడు, "దీనికి అదంతా తెలుస్తుందంటావా?" దొర నాలికె మెల్లగ ఆయన వేలు నాకింది. ఇంత పెద్దమనిషి చిన్నపోరని లెక్క ముక్కు ఎగబీల్చిండు.

డాక్టరమ్మ గ్లూకోజు ఎక్కించి, పొద్దుగూకేదాక అక్కడనే ఉంచుకున్నది. గండం గడిచిందని చెప్పినంక మా దిక్కు తిరిగింది. "రెండోసారి ఎవరిచ్చారు?" నేను నోరు తెరిచేలోపే అంకుల్ "నేనే" అన్నడు.

"మీరు డాక్టరా?"

"కాదండీ. పేషంటుని."

ఆ ఒక్క మాటకు ఆయన మీది నా కోపం సగం దిగింది. మిగిలిన సగం, ఆయన తర్వాత ఒప్పుకున్న ముచ్చటతోని మళ్ల ఎక్కింది. రోజూ మధ్యాహ్నం ఆంటీ పండుకున్నంక కాజా తాను తిని, దొరకు పెరుగన్నంల చక్కెర కలిపి పెట్టేటోడట. "ఒక్కడినే తినలేక" అన్నడు. నేనేమో ఇన్నాళ్లు సూదిల తప్పున్నదని చెవులు గుచ్చి గుచ్చి సచ్చిన!

ఆ రోజు నుంచి పాఠాలు బందైనయి. నేను సూది పడ్తుంటే ఆయన కుర్చీల నుంచి లేచొచ్చి దొరను పట్టుకునేటోడు. పెరుగన్నం, చక్కెర లేవు, డాక్టరమ్మ చెప్పిన తిండే. మెల్లమెల్లగ షుగర్ దిగింది, డోసు తగ్గింది, ఒకనాడు ఇన్సులిన్ ఆపి చూద్దామన్నది డాక్టరమ్మ. పిల్లులల్ల కొన్నిటికి అట్ల తగ్గుతదట. ఆపినం. మళ్ల పెరగలే. అంకుల్ మొకం చూడాలె అప్పుడు. "దీనికి తగ్గినప్పుడు నాకెందుకు తగ్గదు?" అన్నడు బాధగ. "అది చెప్పిన మాట వింటుంది" అన్నది ఆంటీ, కాజాల డబ్బా అల్మారల పెట్టి తాళమేసుకుంట.

పెండ్లయి నేను తుర్కయంజాల్‌కు పోయినంక చాన రోజులకు ఆంటీ ఫోన్ చేసింది. దొర ముసలితనంతోని, సోఫా నడుమలనే, నిద్రల పోయిందట. షాపుల సగం పూట సెలవు పెట్టి బస్సెక్కిన. ఒక్కనాడు నన్ను ప్రేమగ చూడని ఆ జంతువు కోసం నిలబడి ఎక్కెక్కి ఏడుస్తుంటే, సీట్ల కూసున్న ఒక పెద్దమ్మ నా కొంగు గుంజి, "ఎవరు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది. "మా దొర" అన్న, ఆలోచించకుంటనే. ఆమె నా మెడల పుస్తెల దిక్కు చూసి, "అయ్యో తల్లీ, ఇంత చిన్న వయసుల" అని లేచి, నన్ను తన సీట్ల కూసోపెట్టింది. అది పిల్లి అని చెప్పాలనుకున్న. కాని సీటు మెత్తగున్నది, ఎల్బీ నగర్ ఇంక దూరమున్నది. ఆ పిచ్చిదాన్ని, అదే అప్పటి నన్ను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది. ఆ పెద్దమ్మ నా తలకాయ నిమురుకుంట తను దిగేదాక పక్కనే నిలవడ్డది, నేను దిగేదాక ఏడ్చిన.