చూడని ఇంటి కుళాయి

ఊళ్ళో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా కుళాయి బాబాయ్‌కి ఆ ఇంటి జబ్బే గుర్తొస్తుంది. ఈ మేడకి పైపులు తుప్పు పట్టాయి, ఆ డాబాలో మురుగు ఎదురు తన్నుతుంది, మూలనున్న కొత్త అపార్టుమెంటులోనైతే గోడ గోడకీ చెమ్మే. వయసంతా ప్లంబర్ పనిలోనే గడిపిన మనిషి మరి. సింకుల కింద గొంతుక్కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంక అలా కూర్చోవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

కూర్చోకపోతే ఇల్లు గడిచేదెలా? దాచుకున్నదంతా పెట్టి ఒక ఇల్లు కొని అద్దెకిస్తే, ఆ అద్దెతో కాళ్ళు చాపుకుని బతకొచ్చు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ ఊళ్ళో ఏ ఇల్లు చూపించినా "వద్దు బాబోయ్, దాని సంగతి నాకు తెలీదా!" అని దణ్ణం పెట్టేస్తాడు. బ్రోకరు విసిగిపోయి, చివరికి వేరే రాష్ట్రంలో ఒక చిన్న ఇల్లు ఫోన్‌లో చూపించాడు. అది మాత్రం బాబాయ్‌కి తెగ నచ్చేసింది. పిచ్చి మారాజు, తను చూడని ఇంటికి జబ్బులే ఉండవనుకున్నాడు!

"ధర ఇక్కడి దాంట్లో సగం. అద్దె మాత్రం ఇంచుమించు ఇక్కడంతే వస్తుంది," అన్నాడు భార్యతో.

"ఖాళీగా పడుంటే?"

"ఇప్పుడొక తెలుగావిడ అద్దెకుంటోందిగా."

"ఆవిడ అద్దె ఎగ్గొడితే ఎవరెళ్ళి అడుగుతారు? అక్కడి చట్టాలేంటో మీకు తెలుసా?"

"చూసుకోడానికి ఒక మనిషిని పెడతారట."

"ఆ మనిషిని ఎవరు చూసుకుంటారు?"

ఆ రోజు నుంచీ బాబాయ్‌ది ఇదే వరస. పొద్దున కొందామనుకుంటాడు, మధ్యాహ్నానికి మానేద్దామనుకుంటాడు, సాయంత్రానికి ఏమనుకున్నాడో అదీ మర్చిపోతాడు. ఆలోచించి ఆలోచించి తల బొప్పి కట్టింది పాపం. ఉన్నది కాస్తా పోతే మళ్ళీ సంపాదించే వయసా? అలాగని ఈ మోకాళ్ళతో ఇంకెన్నాళ్ళు? ఎటు చూసినా భయమే వేసింది.

ఇలా కాదని, ఆ ఇంట్లో అద్దెకుంటున్నావిడ నంబరు పుచ్చుకుని తనే ఫోన్ చేశాడు.

"మీరుంటున్న ఇల్లు కొనాలనుకుంటున్నానమ్మా. ఎలా ఉంది ఇల్లు?"

"కొత్త ఓనరుగారా అండీ? దేవుడిలా వచ్చారు! వంటింట్లో కుళాయి ఆగకుండా కారుతోందండీ. ఇప్పుడున్న ఓనరు ఎక్కడో దూరాన ఉంటాడు, ఫోనే ఎత్తడు. కావాలంటే వినండి," అని ఆవిడ ఫోన్ తీసుకెళ్ళి కుళాయి దగ్గర పెట్టింది.

ఇంకా కొనలేదని చెప్పబోయిన బాబాయ్, ఆ చప్పుడు వినగానే మనిషి మనిషిలో లేడు.

"వాషర్ పోయిందమ్మా. ముందు సింకు కింద వాల్వు కట్టెయ్. కనబడలేదూ? ఉండుండు, చూసి చెబుతా."

కుంటుకుంటూ వెళ్ళి తన వంటింట్లో తన సింకు కిందే దూరాడు. తన వాల్వు మీద చెయ్యేసి, ఎక్కడ తడమాలో, ఎటు తిప్పాలో ఆవిడకి చెప్పాడు. అక్కడ నీళ్ళు ఆగిపోయాయి. వాషర్ తెచ్చుకుంటే ఎలా మార్చాలో రేపు చెబుతానని మాట కూడా ఇచ్చేశాడు. ఆవిడ సంతోషం అంతా ఇంతా కాదు. బాబాయ్‌కీ ఛాతీ పొంగింది.

ఫోన్ పెట్టేసి లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. గట్టిగా కేకేస్తే భార్య వచ్చి, చంకల కింద చేతులేసి పైకి లేపింది.

"మన కుళాయి బాగానే ఉందిగా! ఎవరింటి పని ఇది?"

"అదే... ఆ ఇంటిది."

"మోకాళ్ళకి విశ్రాంతి ఇస్తుందన్నారు, ఆ ఇల్లేనా?"

బాబాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు, ఆ ఇల్లు వద్దని బ్రోకరుకి చెప్పేద్దామని ఫోన్ తీశాడు. నంబరు నొక్కేలోపే అది మోగింది. ఆవిడే. వాషర్ తెచ్చుకుని ఉంటుంది.

భార్య కళ్ళార్పకుండా చూస్తోంది. బాబాయ్ అటు చూడలేదు. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, "చెప్పమ్మా," అంటూ వంటింటి వైపు నడిచాడు.