చేపనూనె పూసిన పియానో

పలికిందండీ! అయిదేళ్ళుగా మూగబోయిన పియానో నిన్న పొద్దున పలికింది, పలికించింది మా అమ్మాయి! ఈ మాట ముందుగా చెప్పాల్సింది మా టీచరమ్మకు. ఆమె నెల కిందట కన్నుమూసినారు. అందుకే మీకు చెప్తున్నాను. అయిదో తరగతి దాకా ఆమె దగ్గరే చదివినాను. రాతలో తప్పులుంటే అవి ఆమెవి కావు, నావి.

అది వేళ్ళతో వాయించే పియానో కాదు. చిల్లులు పొడిచిన కాయితం చుట్టను లోపల తగిలించి, కింద రెండు చెక్కలు కాళ్ళతో తొక్కాల. లోపలి తిత్తులు గాలి పీల్చేకొద్దీ మీటలు వాటంతటవే దిగి పాట వస్తుంది. మద్రాసులో ఎవరో దొరసాని ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే టీచరమ్మ నాయన కొన్నాడంట. కాలవ మీద ఉప్పు పడవలో దాన్ని మా ఊరికి తెచ్చింది మా నాయన. పక్కన గోనెపట్టా మీద పడుకోని నేనూ వచ్చినాను.

సముద్రపు గాలిలో అట్లాంటి వస్తువును కాపాడడం పసిబిడ్డను సాకడమే. టీచరమ్మ పెళ్ళి చేసుకోలేదు, ఆమె సంసారమంతా అదే. తేమ పట్టకుండా లోపల చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతుండేది. ఆదివారం నేను పోయేసరికి మెత్తని కుంచెతో దుమ్ము తీస్తుండేవారు. తొక్కే పని నాది. "గట్టిగా తొక్కబాక అబ్బయ్యా, తెడ్డు వేస్తున్నావా? మనిషి ఊపిరి తీసినట్టు తొక్కు" అనేవారు. నాకు డెబ్బై దాటినా నేనామెకు అబ్బయ్యనే.

ఇక నేను చేసిన తప్పు. తిత్తుల గుడ్డ ఎండి అక్కడక్కడా చీలికలిచ్చింది. మా పడవలోళ్ళకు చెక్క ఎండినా, తోలు బీటలిచ్చినా మందు ఒకటే, చేపనూనె. ఆమె నెల్లూరు పోయిన రోజు, వచ్చి చూసి సంతోషపడతారని, తిత్తులన్నిటికీ దట్టంగా పూసేసినాను. మర్నాటికి ఇంటినిండా పిల్లులు! "పాట వినేదానికి నేనొక్కదాన్ని చాలనుకుంటే, ఊళ్ళో పిల్లులన్నిటినీ పిలిచినావే!" అని కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వినారు. నవ్వినాక తొక్కి చూసినాం. గాలి నిలవలేదు. నూనెకు గుడ్డ మీది రబ్బరు పూత జిగురైపోయి ఊడొచ్చింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఎప్పట్లాగే దుమ్ము తుడిచేవారు, బల్బు మాడితే మార్చేవారు. "పాట రాకపోతే సాకడం మానేస్తామా?" అనేవారు.

మా అమ్మాయి మిషను కుట్టి బతుకుతుంది. నేను చెడగొట్టిన ఎనభై ఎనిమిది తిత్తులనూ ఒక్కొక్కటే విప్పి, కొలత తీసి, కొత్త రబ్బరుగుడ్డ అంటించేదానికి పూనుకుంది. జాకెట్ల పని అయినాకే ఈ పని. "బాగైతే నీదేనమ్మా. బాగుకాకపోయినా నీదే" అన్నారు టీచరమ్మ. మంచాన పడినాక అక్కడి నుంచే అడిగేవారు.

"ఎన్ని అయినాయమ్మా?"

"డెబ్బై నాలుగు టీచరమ్మా."

"తొందరపడబాక."

ఆ మాట అన్న మనిషే ఆగలేకపోయినారు. పద్నాలుగు మిగిలిపోయినాయి.

నిన్న "నాయనా, తొక్కు" అన్నది మా అమ్మాయి. తొక్కినాను. ముందు బుస్సుమని గాలి, ఆ వెనక ఒక మీట, దాని పక్కది, ఇక చూడండి, వానచినుకుల మాదిరి! సంతోషం పట్టలేక "టీచరమ్మా, ఇనండి!" అని అరిచినాను. టీచరమ్మ గదిలో మేమిద్దరమే. ఆ చుట్ట అయిపోయినా వెనక్కి తిప్పి మళ్ళీ తొక్కినాను. ఆపితే ఆ ఇల్లు ఎంత పెద్దదో తెలిసిపోతుందని భయం.

ఇప్పుడు కబురు చెప్పాల్సినవాళ్ళను రాసుకుంటున్నాను. సూళ్లూరుపేటలో మా అక్క, బావ. ముత్తుకూరులో మా తమ్ముడు, మరదలు. చిల్లకూరులో మా బావమరిది. మూగబోయిన పియానోను పొయ్యిలోకి కట్టెలుగా కొట్టుకోమన్న నోరు ఆయనదే, ఆయనకు రెండుసార్లు చెప్పాల. టీచరమ్మ వైపు అని రాసి పెన్ను ఆపినాను. ఆమెకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఉన్న దాయాదులు ఎక్కడున్నారో ఆమెకే తెలీదు.

మా అమ్మాయి నా భుజం మీదుగా చూసింది.

"నన్ను రాయి నాయనా" అన్నది.

టీచరమ్మ వైపు: మా అమ్మాయి.