పెద్ద కోడలి ముందు కథ

టీవీలో ఇప్పుడు ఒక పాత సినిమాకు ముందు కథ అంటూ వారానికొక భాగం వేస్తున్నారు. సినిమాలో అందరినీ ఏడిపించిన ఆడమనిషే ఇందులో చిన్నతనాన పస్తులున్నట్టు, దెబ్బలు తిన్నట్టు చూపిస్తున్నారు. మా ఇంట్లో అందరూ ముక్కు చీదుకుంటూ చూస్తున్నారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన: ఇన్నేళ్ల తర్వాత ఈమెను మంచిదాన్ని చేయాల్సిన అవసరం ఎవరికొచ్చింది? ఈ కథ ఎవరు చెప్పించుకుంటున్నారు? నాది పుట్టు అనుమానం. పాలాయన కొసరు పోస్తే ఎన్ని నీళ్లు కలిపాడోనని చూసే రకాన్ని. కానీ ఈ అనుమానం మాత్రం ఊరికే పుట్టలేదు. టీవీలు లేని రోజుల్లోనే, మా అరుగు మీద బీడీలు చుడుతూ, నేను ఒక సినిమాకు ముందు కథ విన్నాను.

డెబ్బైల మొదట్లో మాట. మాది కరీంనగర్‌కు బస్సులో గంట దూరంలో ఉన్న చిన్న ఊరు. మధ్యాహ్నం పూట మా అరుగు మీద ఆరుగురం ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. నేను, మా అత్త, మా యారాలు, ఎదురింటి అక్కాచెల్లెళ్లు ఇద్దరు, సినిమా టాకీసు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన భార్య. ఆమెను అందరం ఆపా అని పిలిచేవాళ్లం. యారాలంటే మా ఆయన అన్న భార్య. నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అనేదాన్ని. బావ భీవండిలో మగ్గాల పనికి పోయి, దసరాకు వస్తే వచ్చినట్టు.

ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. బీడీలు చుట్టేది చేతులే కాబట్టి చెవులకు పని ఉండదు. ఆ చెవులకు మేత వేసేది ఆపా. భర్త పుణ్యమా అని ప్రతి సినిమా ఊరికే చూసి, నాలుగైదు మధ్యాహ్నాలు సాగేటట్టు మాకు చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె చేతులు ఆగిపోయేవి. అందుకని సినిమా చెప్పిన రోజున మేమంతా తలా ఒక బీడీల కట్ట ఆపా చాటలో వేయాలి. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ ఎవరూ ఎగ్గొట్టింది లేదు.

ఆ ఏడు వచ్చింది ఒక పెద్దింటి కథ. పెద్ద కోడలు రాక్షసి, చిన్న కోడలు ఉత్తమురాలు. అత్తగారు మెడలో తులసిమాల వేసుకుని అందరినీ చల్లగా చూసే తల్లి. సినిమాలో ఒక చోట చిన్న కోడలి బిడ్డ పాకుతూ వచ్చి పెద్ద కోడలి కుచ్చిళ్లు పట్టుకుంటుందట. ఆమె చీర విదిలించుకుని వెళ్లిపోతుందట. ఆపా లేచి నిలబడి, అంచు రెండు వేళ్లతో ఎత్తి, విదిలించి మరీ చూపించింది. ఎదురింటి చెల్లెలు చటుక్కున మా యారాలి వైపు చూసింది. అక్క కూడా చూసింది. నేనైతే అంతకు ముందు నుంచే చూస్తున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా, ఆమె తడుముకోలేదు. తల వంచుకుని బీడీ చుడుతూనే ఉంది. ఎంత గట్టిదో అనుకున్నాను.

ఎందుకంటే మా యారాలు నా బిడ్డను ముట్టదు. బిడ్డకు అప్పుడు ఎనిమిది నెలలు. నేను బాలింతగా ఉన్నప్పుడు నాకు వండిపెట్టింది, నా బట్టలు ఉతికింది, బావిలో నీళ్లన్నీ తనే తోడింది. కానీ జర పట్టుకో అక్కా అంటే మాత్రం బిందె పట్టుకుని బావి దారి పట్టేది. నేను పిల్లకు పాలిస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేది. దగ్గరికి రాకుండా దూరం నుంచి చూసే మనిషిని ఎట్లా నమ్మను? ఆమె చూసినప్పుడల్లా నేను పిల్లకు దిష్టి తీసేదాన్ని.

ఒకరోజు పిల్ల పాకుతూ కుంపటి దగ్గరికి పోయింది. పక్కనే ఉన్న ఈమె ఇల్లెగిరిపోయేటట్టు నన్ను పిలిచిందే తప్ప చేయి చాచి లాగలేదు. నేను పెరట్లోంచి ఉరికొచ్చేసరికి పిల్ల రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. ఆ రోజు మా ఆయనకు ఖరాఖండిగా చెప్పాను. దసరాకు బావ వస్తాడు, వచ్చినప్పుడు ఆమెను పెద్దపల్లిలో వాళ్ల అన్న ఇంటికి పంపించాలి, లేదంటే నేనే బిడ్డను తీసుకుని మా తల్లిగారింటికి పోతాను. ఆ అన్న ఇంట్లో కొట్టం పక్కన చాప తప్ప ఆమెకు చోటు లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. మా ఆయన సరేనన్నాడు. మా ఇల్లు చిన్నది, గోడలు పలచన. మా అత్త వినే ఉంటుంది.

నాలుగు మధ్యాహ్నాలకు సినిమా అయిపోయింది. టాకీసులో మాత్రం జనం ఇంకా విరగబడి చూస్తున్నారు, కొత్తది రాలేదు. ఐదో రోజు ఆపా వచ్చి కూర్చుని, దీనికి ముంగటి కత ఒకటి ఉన్నది, సినిమాల లేదు అంది. సినిమాలో లేనిది నీకెట్లా తెలుసని అడిగాను. పాటల పుస్తకంలో రాశారంది. టాకీసు దగ్గర అమ్మే ఆ పుస్తకాల్లో కథ సగం దాకా చెప్పి, తక్కినది తెర మీద చూడమంటారు. నేను ఏడో తరగతి చదివినదాన్ని. మా ఆయనతో పుస్తకం తెప్పించి అట్ట నుంచి అట్ట దాకా చదివాను. అందులో అలాంటి కథేమీ లేదు. ఆపాతో ఆ మాట అనలేదు. దొంగను పట్టాలంటే ముందు దొంగతనం పూర్తి కానివ్వాలి.

రోజుకు కొంత చొప్పున చెప్పింది. మొదటి రోజు పెద్ద కోడలు కొత్తగా కాపురానికి వచ్చింది. బతుకమ్మ పాటలన్నీ ఆమెకు నోటికొచ్చు, వాడంతా ఆమె వెనుక పాడేది. రెండో రోజు ఆమెకు కొడుకు పుట్టాడు. మూడో రోజు ఆ పిల్లవాడు, ఎనిమిది నెలలవాడు, జ్వరంతో తల్లి పక్కలో పడుకుని పొద్దునకు లేవలేదు. నాలుగో రోజు, పిల్లవాణ్ని తీసుకుపోయి వచ్చాక, తులసిమాల అత్తగారు వాకిట్లో పదిమంది ముందర కోడలితో అన్నది: నీ చేతులు మంచియి కావు. మళ్లీ ఆమెకు పిల్లలు కలగలేదు. ఆ మాట మాత్రం ఒంట్లో దిగిపోయింది. అప్పటి నుంచి ఏ పసిబిడ్డ దగ్గరికొచ్చినా ఆమెకు వణుకు. చీర విదిలించుకుని పోయింది ఆ భయంతోనేనట.

ఎదురింటి అక్కాచెల్లెళ్లు కొంగులు తడుపుకున్నారు. ఆ రాక్షసిని నాలుగు రోజుల కింద నోటికొచ్చినట్టు తిట్టింది వీళ్లే. మా యారాలు కథ మధ్యలో లేచి నీళ్లకు పోయింది. ఆకు కత్తిరిస్తున్న మా అత్త చేతిలో కత్తెర ఆగింది. నాకు ఒళ్లు మండింది. సినిమాలో వాళ్లు కోస్తా మాటలు మాట్లాడే జమీందార్లు, వాళ్ల ఇంట్లో బతుకమ్మ పాటలెక్కడివి? ఈ కథ మా వాడలోనే పుట్టింది. అందులో పెద్ద కోడలు ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. దసరా దగ్గరికొస్తోంది, ఆమెకు పోవడానికి చోటు లేదు. అందుకని ఆపాతో కట్టుకథ చెప్పించి నలుగురి జాలి కొనుక్కుంటోంది.

సాక్ష్యం కూడా దొరికింది. ఆ రోజుల్లో ఆపా చాటలో మేమిచ్చిన వాటికంటే ఎక్కువ కట్టలు కనిపించేవి. ఎవరి కట్ట వారి చేతిని పట్టిస్తుంది. మా యారాలు దారాన్ని రెండుసార్లు తిప్పి పక్కకు ముడి వేస్తుంది, అట్లా వేసేవాళ్లు మాలో ఇంకొకరు లేరు. ఆ ఎక్కువ కట్టలన్నింటికీ అదే ముడి. నా కళ్లారా చూశాను. ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు పొద్దున బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతున్న ఆపాను దారిలో అడ్డగించాను. మా యారాలు నీకెన్ని కట్టలు ముట్టజెప్పిందని నిలదీశాను. ముడి సంగతి కూడా చెప్పాను. ఆపా తట్ట నెత్తి మీంచి దించి గట్టు మీద పెట్టింది.

“మీ అత్తకు కండ్లు సరిగ కనబడయి. బీడీలు తడిమి చుడుతది గని కట్టలు ఎవలు కడుతరు? మీ యారాలే గద. గవి మీ అత్త కట్టలు. ఎవలి కోసమో గామెకు ఎరుక లేదు” అంది.

రోజూ నా కళ్ల ముందే కడుతోంది, ఆ సంగతే నాకు తట్టలేదు. ఆపా మళ్లీ తనే చెప్పింది.

“మీ యారాలు నాకు ఒక్క ముక్క చెప్పలే. చెప్పింది మీ అత్త. కోపంల ఒక మాటన్న, గది మల్ల నోట్లెకు వస్తలేదు, చిన్నదేమో గామెను ఎల్లగొట్టమంటున్నది, నాతోని చెప్పుడు అయితలేదు, నువ్వే కతలెక్క చెప్పు అన్నది. నేనొద్దన్న. ముసలామె నా చేతులు పట్టుకున్నది. ఏం జేద్దు?”

అప్పటికీ నమ్మలేదు. అత్తా ఆపా కలిసి ఆడుతున్న నాటకమేమో అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనను అడిగాను. ఆయన చాలాసేపు చెప్పులు సర్దుకున్నాడు. పిల్లవాడు ఉన్న మాట నిజమే, వాడు పోయిన మాట నిజమే. నేను కాపురానికి వచ్చిన మూడో నెలకే కడుపుతో ఉన్నానని, కడుపుతో ఉన్నదానికి అటువంటివి చెప్పకూడదని అందరూ నోరు మూసుకున్నారట. కాన్పయ్యాక చెప్పాల్సిన పని లేదనుకున్నారట. రెండేళ్లు అదే కప్పు కింద ఉండి, అదే కుండలో కూడు తిని, అంత సంగతి నాకు తెలియకుండా దాచారు. నాకు ఆమె మీద జాలి రాలేదు, అందరి మీదా కోపం వచ్చింది. ఆ కోపం కొంత తగ్గాక నా మీద నాకు సిగ్గేసింది. నేను దిష్టి తీసిన మిరపకాయలు పొయ్యిలో చిటపటలాడుతుంటే ఆమె పక్కనే రొట్టెలు చేస్తూ ఉండేది.

సినిమా ఎత్తేస్తారనగా ఆఖరి వారం అరుగు మీది అందరం మ్యాట్నీకి పోయాం. ఆపా భర్త మమ్మల్ని ఆడవాళ్ల బెంచీల్లో ఒకే వరసలో కూర్చోబెట్టాడు. నా ఒడిలో పిల్ల, నాకు కుడివైపు యారాలు, ఆమెకు అవతల మా అత్త.

చీర విదిలించే చోటు వచ్చింది. హాలంతా కేకలు, తిట్లు. కింద నేల మీద కూర్చున్న ఆడవాళ్లు మెటికలు విరిచారు. మా వరస మాత్రం చప్పుడు చేయలేదు. నేను ఆ నటి చేతులనే చూస్తున్నాను. అంచు పట్టుకున్న వేళ్లు నాకు వణికినట్టే కనిపించాయి. ఆమెకు ఆపా కథ తెలియదు. ఎవరో చీర విదిలించమంటే విదిలించి డబ్బులు తీసుకుని ఇంటికి పోయి ఉంటుంది. ఆ వణుకు తెర మీద ఉందా, ఆపా నా కంట్లో పెట్టిందా అని అప్పుడూ అనుమానించాను. ఎంత అనుమానించినా వణుకు పోలేదు. దాని తర్వాత తులసిమాల అత్తగారు వచ్చి చిన్న కోడలి కన్నీళ్లు తుడిచింది. హాలంతా అయ్యో తల్లీ అంది. నాకు మాత్రం ఆ ముసలామెను చూస్తే కడుపు రగిలింది. ఇంత తియ్యగా ఉన్నావు, వాకిట్లో ఏమన్నావో మాకు తెలుసు అనుకున్నాను. సినిమాలో ఆమె ఏమీ అనలేదు కూడా. పక్కకు చూస్తే మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఆ కేకలకు నా పిల్ల బెదిరి ఏడుపు మొదలుపెట్టింది. ఇంటర్వెల్‌కు దీపాలు వెలిగినా ఆపలేదు. నేను యారాలి వైపు తిరిగి, పట్టుకో అక్కా అన్నాను. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. నేను పిల్లను అట్లాగే చాచి పట్టుకుని ఉన్నాను. చేతులు గుంజుతున్నాయి. ఎదురింటి అక్కాచెల్లెళ్లు చూస్తున్నారు, ఆపా చూస్తోంది.

మా అత్త తెర వైపే ముఖం పెట్టి, ఎవరితోనో అన్నట్టు అంది.

“పట్టుకో బిడ్డా. నీ చేతులకేం గాలే. నా నోరే మంచిది కాకుండె.”

యారాలు పిల్లను తీసుకుంది. తీసుకుని ఊపలేదు, లాలించలేదు, ముద్దు పెట్టలేదు. ఊపిరి బిగబట్టి కూర్చుంది. పిల్ల కాసేపు వెక్కి, ఆమె మెడలో పూసలు పట్టుకుని ఊరుకుంది. దీపాలు ఆరిపోయాయి. తెర మీంచి పడే వెలుతురులో, అక్కడ ఏం జరుగుతోందో వదిలేసి, నేను ఆఖరు దాకా ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. అయినా పిల్లను దించలేదు.