ఏ ఊరి మిల్లు?

మౌనశ్రీ అని పేరు పెట్టినవాళ్లు పాపం పొరపాటు పడ్డారు. ఆ పిల్ల పొద్దున తొమ్మిదిన్నరకు నౌబాద్ ఆఫీసు మెట్లెక్కి కూర్చుంటే సాయంత్రం దాకా నోటికి తీరిక ఉండేది కాదు. ఒకరికి తెలుగులో, ఒకరికి కన్నడలో, ఇంకొకరికి సగం ఉర్దూలో జవాబు చెబుతూనే ఉండేది. ఆమె ఉద్యోగమే అది. దాల్‌మిల్లుల్లో కాంటా దగ్గర రైతు చేతికిచ్చే తూకం చిట్టీ కంప్యూటర్ నుంచి రావాలి కదా, ఆ ప్రోగ్రామ్ తయారుచేసే చిన్న కంపెనీ జీవరాజ్‌ది. చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఒక్క మిల్లులు దాన్నే వాడతాయి. ఏ మిల్లులో తంటా వచ్చినా మోగేది మౌనశ్రీ బల్ల మీది ఫోనే.

ఫోనెత్తగానే ఆమె మొదట అడిగేది "ఏ ఊరు?" అని. పేరు సంగతి తర్వాత. ఆమెది జనవాడ. వాళ్ల గల్లీలోనే ముగ్గురు బసవరాజ్‌లు, ఇద్దరు రాచయ్యలు ఉన్నారు. ఉత్త పేరు చెబితే ఎవరని పోల్చుకోవాలి, నా తలకాయ! రిజిస్టర్‌లో కూడా ముందు ఊరు రాసి, ఆ పక్కన పేరు రాసేది.

ఇంత మాట్లాడినా, మనసు మాత్రం కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ మీదే. అక్కడ కూర్చుని ప్రోగ్రామ్ రాసే అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లి రెండు నెలలైంది. మౌనశ్రీ ఏడాదిగా బస్సులో, ఇంట్లో, అన్నం తింటూ కూడా జావాస్క్రిప్ట్ నేర్చుకుంది. ఆ కుర్చీ తనకిమ్మని జీవరాజ్‌ను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "సూద్దాం తీ" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో పెళ్లి సంబంధాలు చూసిన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

నేర్చుకున్న చదువుతో ఆమె ఒక చిన్న పనిముట్టు కూడా చేసుకుంది. మిల్లువాళ్లు ఫోన్ చేసి "మాది ఏ వెర్షన్?" అంటే, ప్రతిసారీ వెళ్లి ఓంకార్‌ను అడగాలి. ఓంకార్ అక్కడ మిగిలిన ఒకే ఒక్క ప్రోగ్రామర్. అడిగిన ప్రతిసారీ చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి, వేపాకు నమిలినట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహం చూడలేకే రాసుకుంది. ప్రతి మిల్లు ఫోల్డర్‌లోనూ ప్యాకేజ్ జేసన్ అని ఒక ఫైలు ఉంటుంది. ఈ ప్రాజెక్టు పేరేమిటి, బయటివాళ్లు రాసిన కోడ్ ఏదేది తెచ్చుకుంది, ఏ వెర్షన్ తెచ్చుకుంది, అన్నీ అందులో ఉంటాయి, విత్తనాల సంచి మీది చీటీలాగా. హెల్పర్ అని ఆమె పేరు పెట్టుకున్న ఆ పనిముట్టు, చూపించిన ఫోల్డర్లకు వెళ్లి ఆ చీటీలు చదివి చెబుతుంది. ఎక్కడైనా కామా తప్పిపోతే కూలబడకుండా, ఫలానా ఫైలు బాగాలేదని చెప్పి ముందుకు పోతుంది.

ఒక గురువారం ఓంకార్ మొహం పాలిపోయింది. కంప్యూటర్లకు కొత్త అప్‌డేట్ వస్తోంది, అది పడ్డచోట చిట్టీ ముద్రించే కోడ్ పాత వెర్షన్ అయితే తెల్ల కాగితమే వస్తుంది. ఏ మిల్లులో పాతది ఉందో ఎవరికీ గుర్తులేదు.

"ఒక్కో ఫోల్డర్ తెరిచి సూడాలె అన్నా. మార్చి, పరీక్ష చేసి పంపేసరికి పది దినాలు పడ్తది."

"పది దినాలా? సోమవారం కొత్త కందులు దిగుతయి!" జీవరాజ్ తల పట్టుకున్నాడు.

మౌనశ్రీ లేచి నిలబడింది. "నా తాన ఒక హెల్పర్ ఉన్నదన్నా. రేపటికల్లా లిస్టు ఇస్త."

జీవరాజ్ ఆమె వైపు తిరిగాడు. "సరే. లిస్టు సక్కగ వస్తే ఆ కుర్సీ నీది. రాకుంటే మళ్ల ఆ మాట ఎత్తొద్దు, చెప్తున్న."

శుక్రవారం లిస్టు వచ్చింది. అందులో ఉన్నది ఒకే పేరు, హుమ్నాబాద్‌లోని సంగమేశ్ దాల్‌మిల్లు. ముగ్గురి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఆ ఒక్క మిల్లుకు కొత్త వెర్షన్ పంపేశారు. ఆ సంబరంలో అసలు హెల్పర్ ఎన్ని మిల్లులు చదివిందని ఒక్కరూ అడగలేదు. మౌనశ్రీ కూడా అడగలేదు.

శనివారం పొద్దున ఫోన్. జనవాడ మిల్లులో కాంటా దగ్గర కూర్చునే గుండమ్మ.

"ఏందే పిల్లా, చిట్టీకి బదులు తెల్ల కాయితం ఎల్తున్నది! రైతులు నా మీదికొస్తుండ్రు!"

"జర ఆగు గుండమ్మక్కా, పరేషాన్ కాకు. ఈ పూటకు చేత్తోటి రాసియ్యి. నేను సూస్త."

ఫోన్ పెట్టేసరికి జీవరాజ్ వెనకే నిలబడి ఉన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "నువ్వు ఫోన్లే సూస్కో పిల్లా," అని మెల్లగా అని వెళ్లిపోయాడు. మౌనశ్రీకి ఏడుపొచ్చింది. ఏడాది కష్టం ఒక్క మాటతో పోయింది.

అలవాటు చొప్పున రిజిస్టర్ తెరిచింది. ముందు 'జనవాడ' అని రాసింది. 'గుండమ్మ' అని రాయబోతూ ఆగిపోయింది.

గబగబా జనవాడ మిల్లు ఫోల్డర్‌లోని చీటీ తెరిచింది. పేరు దగ్గర 'సంగమేశ్ దాల్‌మిల్లు' అని ఉంది. ఇంకోటి తెరిచింది. సంగమేశ్. ఇంకోటి. అదీ సంగమేశే!

ఈ ఆఫీసులో కొత్త మిల్లుకు కొత్తగా ఏమీ రాయరు. మొదటి గిరాకీ సంగమేశ్. ఆ ఫోల్డర్‌నే కాపీ చేసి, తెర మీద పేరు మార్చి ఇచ్చేస్తారు. పక్కింటి తోడు తెచ్చి పాలు తోడేసినట్టు, నలభై ఒక్క మిల్లులూ అలా తోడుకున్నవే. లోపలి చీటీలో పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆమె హెల్పర్ ఏమో పేరును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఒకే పేరు మళ్లీ వస్తే పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. ఇన్నాళ్లూ ఒకసారికి ఒక్క మిల్లునే అడిగేది కాబట్టి ఆ తప్పు బయటపడలేదు. నలభై ఒక్కటీ చదివి, చివరికి ఒక్కదాన్ని మిగిల్చుకుంది. ఫోన్‌లో ప్రతివాణ్నీ ఊరు అడిగే మనిషి, తన కోడ్‌లో మాత్రం అడగడం మరిచిపోయింది!

మౌనశ్రీకి నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని జీవరాజ్ గదిలోకి వెళ్లింది.

"తప్పు నాదే అన్నా. అన్ని చీటీలల్ల సంగమేశ్ పేరే ఉన్నది, నేను ఊరు అడగలె. ఒక్క గంట ఇయ్యి."

వెనక నుంచి ఓంకార్ గొంతు సవరించుకున్నాడు. "పేరు మార్చకుంట కాపీ కొట్టింది నేనే గదన్నా. ఇయ్యుండ్రి."

ఈసారి ప్రతి మిల్లునూ దాని ఫోల్డర్ మీదున్న ఊరితో కలిపి గుర్తుపెట్టుకునేలా మార్చింది. అన్నిటికన్నా ముందు, ఎన్ని చదివిందో చెప్పమంది. తెర మీద వచ్చింది: చదివినవి నలభై ఒకటి, పాత వెర్షన్ ఉన్నవి పదిహేడు. ఓంకార్ నమ్మలేక ఐదు ఫోల్డర్లు చేత్తో తెరిచి చూశాడు. ఐదూ సరిపోయాయి. అప్పుడు చెవుల్లోంచి రెండు ఇయర్‌ఫోన్లూ తీసి బల్ల మీద పెట్టాడు. "తొమ్మిది నేను జేస్త, ఎనిమిది నువ్వు జెయ్యి."

ముందు గుండమ్మ మిల్లు చేశారు. ఆదివారం సాయంత్రానికి పదిహేడూ అయిపోయాయి.

సోమవారం కొత్త కందుల ట్రాలీలు మిల్లుల ముందు బారులు తీరాయి. కుర్చీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు, తన పాత బల్ల దగ్గరే కూర్చుంది. పది గంటలకు ఫోన్ మోగింది. చెయ్యి చాచేలోపే, అటుగా వచ్చిన జీవరాజ్ అందుకున్నాడు.

"హలో, ఏ ఊరు?" అన్నాడు.

మౌనశ్రీ తలెత్తి చూసింది.

"జనవాడనా? ఆఁ గుండమ్మా, చెప్పుండ్రి. చిట్టీలు మంచిగొస్తున్నయా? ఎవరు, ఆ పిల్లనా? ఆమె ఇగ ఫోన్ల మీద ఉండదమ్మా. కిటికీ కాడ కోడ్ రాస్తున్నది. ఏమన్న ఉంటే నాకు చెప్పుండ్రి."

మౌనశ్రీ టిఫిన్ డబ్బా, నోట్‌బుక్ తీసుకుని లేచి, వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.